బేస్ గిటార్ కీలు విడిగా అమ్మరా?

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో, లావు తీగలతో మంద్రస్వరాలు పలికే బేస్ గిటార్ అమ్మే దుకాణాలకు కొదవ లేదు. చర్చి క్వయర్ల నుంచి పెళ్లి ఆర్కెస్ట్రాల దాకా, కాలేజీ బ్యాండ్ల దాకా దాన్ని వాయించేవారికీ కొదవ లేదు. అయితే తీగలను శ్రుతి చేసే నాలుగు ట్యూనింగ్ కీలలో ఒక్కటి పాడైతే, దాని బదులు మరొకటి దొరకడం మాత్రం గగనమవుతోంది.

నా గిటార్‌లో అన్నిటికన్నా లావైన ‘ఇ’ తీగ కీ పళ్లు అరిగిపోయాయి. తిప్పితే కాసేపు వదులుగా తిరిగి, ఆ తర్వాత ఒక్కసారిగా పట్టుకుంటుంది. పాట సగంలో ఉండగానే శ్రుతి దిగిపోతుంది. పళ్లచక్రం మధ్యనున్న స్క్రూ బిగిస్తే కొన్నిసార్లు సర్దుకుంటుంది గానీ, పళ్లే అరిగినప్పుడు కీ మార్చక తప్పదు. కోఠిలో ఒక దుకాణంలో అడిగితే ఆరు తీగల గిటార్ కీ చేతిలో పెట్టి, “అన్నీ ఒకటే సార్” అన్నారు. అన్నీ ఒకటి కావు. మామూలు గిటార్ కీకి చెక్కలో సాధారణంగా 10 మిల్లీమీటర్ల రంధ్రం చాలు. అమెరికన్ గిటార్ కంపెనీ ఫెండర్ పాత పద్ధతి బేస్ కీలకు 17, 18 మిల్లీమీటర్ల మధ్య రంధ్రం కావాలి. పైగా 105 గేజ్ ‘ఇ’ తీగ మందమే దాదాపు 2.7 మిల్లీమీటర్లు కాబట్టి, దాన్ని ఇముడ్చుకునే చీలిక గిటార్ కీ కడ్డీకి ఉండదు.

బేస్ కీలలోనూ రంధ్రం కొలత, వెనక స్క్రూల మధ్య దూరం, బిగింపు కుడివైపా ఎడమవైపా అన్నవి రకాన్ని బట్టి మారతాయి. నాలుగు కీలూ ఒకే వరుసలో ఉండే గిటార్‌కూ, అటు రెండు ఇటు రెండు ఉండే గిటార్‌కూ ఒకే సెట్ సరిపోదు. ఇన్ని తేడాలున్నా నాకు చూపించిన పెట్టెల మీద రంగు, ధర తప్ప ఒక్క కొలతా లేదు. ఒక్క కీ కోసం వెళితే నాలుగింటి సెట్టే కొనమన్నారు. కొత్త కీ సన్నగా ఉండి రంధ్రం పెద్దదైతే బాలానగర్ లేత్ షాపుల్లో ఆ ఖాళీని పూడ్చే ఇత్తడి బుష్ (చిన్న గొట్టం) చేయించుకోవచ్చు. రంధ్రమే చిన్నదైతే మాత్రం గిటార్ తల తొలవాలి, ఒకసారి తొలిచిన చెక్క మళ్లీ పూడదు. అందుకే కొనకముందే కొలత తెలియడం ముఖ్యం.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న ప్రారంభించిన, కంపెనీల మరమ్మతు సమాచారాన్ని ఒక్కచోట ఇచ్చే ‘మరమ్మతు హక్కు’ పోర్టల్‌కు వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాల రంగాలను ఎంచుకున్నారు. ఆ జాబితాలో సంగీత వాద్యాలు లేవు. వేల రూపాయలు పోసి కొన్న వాద్యం చిన్న పళ్లచక్రం దొరకక మూలనపడుతున్నప్పుడు వాటినీ చేర్చమని కోరడం అత్యాశ కాదనుకుంటాను. అంతవరకూ ఆగనక్కర్లేకుండా దిగుమతిదారులు పెట్టె మీద రంధ్రం, కడ్డీ, స్క్రూల కొలతలు మిల్లీమీటర్లలో ముద్రించాలనీ, దుకాణదారులు కనీసం ‘ఇ’ తీగ కీలనైనా విడిగా తెప్పించి అమ్మాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక బేస్ గిటార్ వాద్యకారుడు,
సికింద్రాబాద్