ఒక్క మాటకి ఇన్ని అర్థాలేంటని అడిగావుగా

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. ఇంగ్లిష్‌లో రన్ అంటే ఒకచోట పరిగెత్తడం, ఇంకోచోట నడపడం, మరోచోట ఎన్నికల్లో పోటీ చేయడం అని ఉండేసరికి విసుగొచ్చి పుస్తకం మూసేశానన్నావు చూడు, ఆ ముక్క దగ్గర నాకు చాలా బాధేసింది. అందుకే వెంటనే రాస్తున్నా.

అసలు నువ్వు మొదలుపెట్టిన మాటే అన్నిటికంటే పెద్దది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ కోసం పీటర్ గిల్లివర్ అనే ఆయన రన్‌ని క్రియగా ఎన్ని రకాలుగా వాడతారో తేల్చడానికి తొమ్మిది నెలలు కూర్చుంటే 645 అర్థాలు వచ్చాయి! అవన్నీ బట్టీ పట్టినవాళ్లు ఇంగ్లండ్‌లో కూడా ఉండరురా. మనం చప్పట్లు కొడతాం, ఈత కొడతాం, బోరు కొడుతుంది, కంపు కొడుతుంది, సరుకులు తెచ్చుకునేది కూడా కొట్టు నుంచే. వీటిలో ఒక్కటైనా జాబితా చూసి నేర్చుకున్నామా?

నాకు బాగా పనికొచ్చింది ఏంటంటే, మాట ఎక్కడ మొదలైందో చూడటం. చార్జ్ తీసుకో. లాటిన్‌లో కర్రుస్ అంటే బండి. ఆ బండి మీద బరువు ఎక్కించడం నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన మాట ఇది. ఇప్పుడు ఫోన్‌కి కరెంటు ఎక్కిస్తే చార్జింగ్, డబ్బు భారం మన మీద వేస్తే బస్సు చార్జీ, బాధ్యత నెత్తిన పెడితే ఇన్‌చార్జి, నేరం మోపితే చార్జిషీటు. మనం కూడా భారం మోపుతాం, నేరమూ మోపుతాం, గమనించావా? ఇది తట్టిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఫాస్ట్ కూడా అంతే. మొదట దాని అర్థం వేగం కాదు, గట్టిగా, కదలకుండా అని. అందుకే ఉతికినా వదలని రంగుని ఫాస్ట్ కలర్ అంటారు, ఉపవాసాన్నీ ఫాస్ట్ అనే అంటారు, అది నియమాన్ని గట్టిగా పట్టుకోవడం కాబట్టి, ఇక గట్టిగా, ఆపకుండా పరిగెత్తేవాడి నుంచి వేగం అనే అర్థం వచ్చింది.

అన్నిటికీ ఇలా కుదరదులే. గబ్బిలం బ్యాట్‌కీ ఆడుకునే బ్యాట్‌కీ చుట్టరికమే లేదు. గబ్బిలాన్ని మధ్యయుగాల ఇంగ్లిష్‌లో బక్క అని ఏదో అనేవాళ్లు, పలికి పలికి అది బ్యాట్ అయింది. వెలుతురు లైట్, బరువులేని లైట్ కూడా వేరే వేరే మాటలే. అలాంటివి రెండు మాటలుగానే రాసుకో, సంబంధం కోసం వెతికి టెన్షన్ పడకు.

టేబుల్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఒక ప్రతిపాదనని టేబుల్ చేయడమంటే బ్రిటన్‌లో చర్చకి పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచ యుద్ధంలో రెండు దేశాల అధికారులూ ఈ ఒక్క మాట మీద చాలాసేపు వాదించుకున్నారని, తీరా చూస్తే ఇద్దరూ కోరుతున్నది ఒకటేనని అప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిల్ రాశాడు. అంటే ఇంగ్లిష్‌లో పుట్టి పెరిగినవాళ్లకే ఇలా అయింది.

అందుకని ఆ పుస్తకం మళ్లీ తెరువు. ఈసారి మాట ఒక్కదాన్నే కాకుండా అది కనిపించిన వాక్యం మొత్తం నోటుబుక్కులో ఎక్కించు. నిన్ను బాగా ఇబ్బంది పెట్టిన మూడు మాటలు ఏరి, వాక్యాలతో సహా నాకు రాసి పంపు, ఇద్దరం కలిసి చూద్దాం.

నీ
పాత బెంచి మిత్రుడు