వంతెనల మరమ్మతుకు ఒక లెక్క ఉండాలి

సంపాదకులకు,

పోయిన వారం మీ జిల్లా పేజీలో వంతెనల మరమ్మతులకు నిధులు చాలడం లేదని రాశారు. నిధులు ఎప్పుడు చాలాయి? ఉన్న డబ్బు ముందు ఏ వంతెనకు పెట్టాలో ఎవరు, ఏ లెక్కన తేలుస్తున్నారన్నది కూడా అడగాల్సింది.

మా ఊరి కాలువ మీద బ్రిడ్జికి మొన్న రెయిలింగులకు రంగు వేశారు. కిందికి దిగి చూస్తే పెచ్చులూడి, తుప్పు పట్టిన చువ్వలు బయటపడి ఉన్నాయి. వాన నీళ్లు పోయే గొట్టాలు మట్టితో పూడిపోయాయి, జాయింట్లో రావి మొక్క మోకాలెత్తు పెరిగింది. రెండుసార్లు అర్జీ ఇచ్చాను, ఎస్టిమేట్ పంపామన్నారు, మూడోసారి వెళ్తే ఆ ఆఫీసర్ బదిలీ అయిపోయారు. ఆ మట్టి తీయడానికి ఇద్దరు కూలీలు ఒక పూట చాలు. తీయకపోతే నీళ్లు జాయింట్లోంచి దిగి, స్తంభాల మీద వంతెన బరువు మోసే బేరింగులను, చువ్వలను తినేస్తాయి, అప్పుడు లక్షలు కావాలి, ఇంకొన్నాళ్లకు కొత్త వంతెనకు కోట్లు.

ప్రతి వంతెన స్థితికీ ఒక మార్కు వేసి, ఏమీ చేయకపోతే ఏటా అది ఎంత పడిపోతుందో అంచనా కట్టి, ఉన్న బడ్జెట్‌లో దేనికి ఎప్పుడు ఏ పని చేస్తే మొత్తం ఖర్చు తగ్గుతుందో కంప్యూటర్‌తో తేల్చే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. అమెరికాలో అరిజోనా రాష్ట్రం 1980 ప్రాంతంలోనే రోడ్లకు ఇలా చేసి మొదటి ఏడాదే 1.4 కోట్ల డాలర్లు మిగుల్చుకుంది. తర్వాత 1990ల్లో పాంటిస్ అనే సాఫ్ట్‌వేర్‌తో వంతెనలకూ తెచ్చారు. డబ్బంతా బాగా పాడైనవాటికే పోస్తే ఈలోగా బాగున్నవీ పాడవుతాయి, మనం ఏళ్లుగా చేస్తున్నది అదే. ప్రమాదకరంగా ఉన్నదాని మీద లారీలు ఆపాల్సిందే, దానికి లెక్కలతో పనిలేదు.

వంతెన తెగితే జనం ఎంత చుట్టు తిరగాలో కూడా ఈ లెక్కలో వేస్తారు. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి, హైవే తెగినప్పుడు ఆ చుట్టు ఎంతో మన నెల్లూరు జిల్లాకు బాగా తెలుసు.

కేంద్రం 2016లోనే ఐబీఎంఎస్ (ఇండియన్ బ్రిడ్జ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్) పేరుతో జాతీయ రహదారుల వంతెనల వివరాలన్నీ నమోదు చేయడం మొదలుపెట్టింది. మరి వాగుల మీది చప్టాలు, కల్వర్టుల సంగతి ఎవరు రాస్తున్నారు? ఏ వంతెనను ఆఖరున ఎప్పుడు చూశారు, ఎన్ని మార్కులు వేశారు, మరమ్మతుల వరుసలో అది ఎన్నోది, ఈ జాబితాను ప్రతి మండల ఆఫీసు గోడకు అంటించాలి. అక్టోబరులో వానలు పడేలోపు మా బ్రిడ్జి గొట్టాల్లో మట్టయినా తీయించండి.

- ఒక పాఠకుడు, కోవూరు