చి. బుజ్జమ్మకు

సూళ్లూరుపేట,
12 ఆగస్టు 2025.

చి. బుజ్జమ్మకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నిమ్మచెట్టు విరగకాసింది. అమ్మ రెండు జాడీల ఊరగాయ పెట్టింది, నీ జాడీ మీద నీ పేరు రాసింది.

30వ తేదీ సాయంత్రం 5:40కి నైసార్ ఎగిరింది. అందరం మేడెక్కాం. ఆ ఉరుముకి కిటికీలు గలగలలాడాయి. నేల కదలికను పైనుంచి రాడార్‌తో చూసే మా బుజ్జమ్మ పనికి ఉపయోగపడే ఉపగ్రహం అని వీధిలో అందరికీ చెప్పాను. కానీ ఆరోజు తెల్లవారినప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు. కమ్చాట్కా దగ్గర 8.8 భూకంపం, నువ్వున్న జపాన్ తీరానికి సునామీ హెచ్చరిక అని టీవీలో ఒకటే వార్త. నువ్వు "బాగానే ఉన్నా నాన్నా" అని ఒక్క మెసేజ్ పెట్టావు. అక్కడి కుజి రేవులో 1.3 మీటర్ల అల వచ్చిందని తర్వాత తెలిసింది. పదమూడు రోజులైంది, నీ గొంతు వినలేదు.

నైసార్ 12 మీటర్ల గొడుగులాంటి యాంటెన్నా ఇంకా విచ్చుకోవాలట కదా? పేపర్లో చదివాను. రమణత్త కూడా అడిగింది. మాటల్లో నువ్వు వాజిమా వెళ్తున్నావనీ, అక్కడ వారం రోజులు ఉంటావనీ చెప్పింది. నాకెందుకు చెప్పలేదమ్మా?

నిరుడు జనవరి 1న అక్కడ భూకంపం వచ్చినప్పుడు సముద్రపు అడుగు నాలుగు మీటర్ల దాకా లేచిందనీ, రేవులు ఎండిపోయాయనీ నువ్వే చెప్పావు. ఉపగ్రహం నుంచి ముందొక బొమ్మ, తర్వాతొక బొమ్మ తీసి, వెళ్లి తిరిగొచ్చిన రాడార్ అలల తేడా చూస్తారన్నావు. ఆ తేడానే రంగుల చుట్లుగా కనిపిస్తుందనీ, 5.6 సెంటీమీటర్ల అలతో అయితే ఒక్కో చుట్టు 2.8 సెంటీమీటర్ల కదలికనీ వంటింట్లో పళ్లెం మీద గీసి చూపించావు. జపాన్ వాళ్ల ఉపగ్రహం దాయిచి-2 వాడే పొడుగు రాడార్ అల అడవి ఆకుల్ని దాటి నేలను తాకుతుందన్నావు. మబ్బున్నా, చీకటున్నా దానికి అడ్డు లేదన్నావు. అంత పైనుంచి చూడగలిగినప్పుడు నువ్వెందుకు వెళ్లాలి?

ఎందుకో నాకు తెలియకపోలేదు. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలో కిల్లారి భూకంపం వచ్చింది. తెల్లవారుజామున నాలుగింటికి హైదరాబాదులో మా గదిలో గిన్నెలు కదిలాయి. రెండు రోజుల తర్వాత మా కుర్రాళ్లం బియ్యం, దుప్పట్లు లారీలో వేసుకుని వెళ్లాం. వినాయక నిమజ్జనం చేసుకొచ్చి అలసి పడుకున్న ఊళ్లవి. రాళ్లూ మట్టీ పేర్చిన లావు గోడలు నిద్రలో ఉన్నవాళ్ల మీదే పడ్డాయి. దుప్పట్లు పంచడానికి వెళితే తీసుకునే చేతులే తక్కువున్నాయి. ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని చేలోకి తీసుకెళ్లాడు. ఆయనది మరాఠీ, జహీరాబాద్ నుంచి వచ్చిన మా డ్రైవరు చెబుతూ ఉన్నాడు. జొన్నచేలో ఒక వరస నేల గట్టులా లేచింది. ఆయన చేతికర్రను నిలబెట్టి, గోటితో గీత పెట్టి, "ఇంత" అన్నాడు. ఆ ఇంట్లో మిగిలింది ఆయనొక్కడే. ఆ గీత చూడ్డానికైనా ఎవరో ఒకరు రావాలని ఆయన కోరిక. నేను చూశాను, అంతకన్నా ఏమీ చేయలేకపోయాను.

ఆ ఏడాది జులైలోనే కాలిఫోర్నియాలోని లాండర్స్ భూకంపానికి నేల ఎంత కదిలిందో ఉపగ్రహ రాడార్ బొమ్మలతో తొలిసారి చూపించారని నువ్వు చెప్పినప్పుడు నాకు ఆ కర్రే గుర్తొచ్చింది. ఈ పని నువ్వు ఎంచుకున్నందుకు నాకెంత సంతోషమో నీకెప్పుడూ చెప్పలేదు.

అయినా చెబుతున్నాను, కొండచరియలు విరిగిన చోట నిలబడకు. నిరుడు సెప్టెంబరు వానలకు అదే వాజిమా మళ్లీ మునిగింది కదా. రాత్రి ప్రయాణాలు పెట్టుకోవద్దు. ఒక్కదానివే వెళ్లకు. చార్జింగ్ బ్యాంకు, విజిల్, టార్చ్ బ్యాగులో ఉండాలి. వేళకు తిను, గిన్నె నిండా అన్నం తిను, ఆ కప్పు నూడుల్స్ మానెయ్. హెచ్చరిక మోగితే లాప్‌టాప్ సర్దుకుంటూ కూర్చోకు, ముందు గుట్టెక్కు. సెండాయిలో నీ గది ఎన్నో అంతస్తో ఇంతవరకూ చెప్పలేదు.

ఊరగాయ పార్సిల్‌కి నీ కొత్త అడ్రసు కావాలి. ఆదివారం మీకు మధ్యాహ్నం ఒంటిగంటయ్యేసరికి ఇక్కడ తొమ్మిదిన్నర. అమ్మ పూజ అయిపోయి ఉంటుంది. ఫోన్ చెయ్యి.

నాన్న