మొదటిసారి వచ్చిన లెక్క నమ్మి మోసపోయాను

సంపాదకులు గారికి నమస్కారం.

ఫోటోల పని చేసేవాళ్లు ఎలాంటి ల్యాప్‌టాప్ కొనాలో మీ టెక్నాలజీ పేజీలో రాశారు. కోర్లు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు అన్నీ చెప్పారు గానీ, 300 రా ఫోటోలు (కెమెరా ఇచ్చే ముడి ఫైళ్లు) జేపెగ్‌లుగా బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందో చెప్పలేదు. మాకు కావలసింది అదే.

నేను తణుకులో పెళ్లిళ్ల ఫోటోలు తీస్తాను. మా వైపు ముహూర్తం చాలాసార్లు అర్ధరాత్రి దాటాకే. జీలకర్ర బెల్లం వేళకు వెలుతురు చాలక, కెమెరా సెన్సిటివిటీని ఐఎస్ఓ 6400కి పెంచక తప్పదు, తర్వాత దాంతో వచ్చే నాయిస్ (ఫోటోలో కనిపించే చుక్కలు) తీయకా తప్పదు. ఎడిటింగ్‌కి డార్క్‌టేబుల్ వాడతాను, ఉచితంగా దొరుకుతుంది. దాంట్లోనే డార్క్‌టేబుల్ సీఎల్ఐ అని ఒకటుంది. కిటికీలూ బటన్లూ ఉండవు. కమాండ్ కొట్టి ఫోల్డర్ చూపిస్తే, మనం చేసిన మార్పులను పక్కనున్న ఎక్స్ఎంపీ ఫైళ్ల నుంచి చదువుకుని, ఫోటోలన్నీ వరసగా తీసి ఇస్తుంది. మధ్యలో మన చెయ్యి పడదు కాబట్టి టైము కొలవడానికి ఇంతకంటే మంచిది లేదు.

కొలవడంలో నేనూ బోల్తాపడ్డాను. 20 ఫోటోలు గ్రాఫిక్స్ కార్డుతో తీస్తే 3 నిమిషాల 10 సెకన్లు. కార్డుతో పని చేయించే ఓపెన్‌సీఎల్‌ని ఆపేసి, కార్డు లేకుండా తీస్తే 3 నిమిషాల 5 సెకన్లు. కార్డు దండగని తేల్చేసి, పాలకొల్లులో ఉన్న మిత్రుడికి కూడా వద్దని చెప్పాను. వారం తర్వాత అనుమానమొచ్చి మళ్లీ కార్డుతో నడిపితే 1 నిమిషం 50 సెకన్లే! కార్డుకి కావలసిన చిన్న ప్రోగ్రాములను మొదటిసారి అప్పటికప్పుడు తయారు చేసుకుని దాచుకుంటుందట, ఆ టైమంతా మొదటి లెక్కలో పడింది. పైగా రెండోసారి, కార్డు లేకుండా తీసేటప్పటికి, ఫోటోలు అప్పటికే మెమరీలో ఉన్నాయి, డిస్క్ నుంచి చదివే పని తప్పింది. అంటే కార్డు లేని పరుగుకి నేనే దొడ్డిదారిన సాయం చేశానన్నమాట. మిత్రుడు అప్పటికే కార్డు లేని ల్యాప్‌టాప్ కొనేశాడు.

ఏ మాడ్యూల్ (ఒక్కో ఎడిటింగ్ పని చేసే భాగం) ఎంత సమయం తింటోందో కూడా కమాండ్‌లో అడిగి చూడొచ్చు. నా ఫోటోల్లో సగం టైము నాయిస్ తీసే మాడ్యూల్‌దే. నాయిస్ తక్కువుండే పగటి రిసెప్షన్ ఫోటోలతో కొలిస్తే వేరే లెక్క వస్తుంది.

ఇక మే నెల సంగతి. 20 ఫోటోలకు చురుగ్గా నడిచిన ల్యాప్‌టాపే 300 వేస్తే వందో ఫోటో దగ్గర వేడెక్కి నెమ్మదిస్తుంది. ఏసీ లేని గదిలో మరీను.

కొత్తది కొందామని షాపుకెళ్లి, నా పెన్‌డ్రైవ్ పెట్టి చూసుకుంటానంటే వైరస్ వస్తుందని ఒప్పుకోలేదు. ఆయన భయం ఆయనది. మీకైతే రివ్యూ కోసం ల్యాప్‌టాప్‌లు చేతికొస్తాయి కదా. ఈసారి అవే 300 రా ఫోటోలు, అవే మార్పులతో ప్రతిదానిమీదా మూడుసార్లు ఎక్స్‌పోర్ట్ చేసి, మూడు టైములూ వేయండి. ఛార్జర్ పెట్టారో లేదో, గదిలో ఏసీ ఉందో లేదో కూడా రాయండి.

– ఒక పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్, తణుకు