కుదించడం అంటే ఏం తీసేయాలి?

చిన్నీ,

రిపోర్టును సగానికి కుదించమన్నారని రాశావు కదా. పదాలు ఏరడంతో మొదలుపెట్టకు. ముందు పేరాలు చూడు, తర్వాత వాక్యాలు, పదాలు చివర్న. ఎలాగూ ఎగిరిపోయే పేరాలో పదాలు దిద్దుతూ కూర్చుంటే ఆ శ్రమంతా దండగ. మొదటి పేరా లేకుండా ఒకసారి చదివి చూడు. చాలాసార్లు అసలు సంగతి రెండో పేరాలోనే మొదలవుతుంది.

పదాల దగ్గరికొచ్చాక ‘జరిగింది’ని వెతుకు. ‘కమిటీ సభ్యులందరి చేత కూడా ఈ యొక్క ప్రతిపాదనపై పరిశీలన చేయడం జరిగింది’ అంటే 10 మాటలు. ‘కమిటీ సభ్యులందరూ ఈ ప్రతిపాదనను పరిశీలించారు’ అంటే 5. అర్థం రవ్వంత కూడా తగ్గలేదు. ‘పరిశీలించారు’ అనే క్రియను విడగొట్టి ‘పరిశీలన’ చేసి, దానికి ‘చేయడం’, ఆపైన ‘జరిగింది’ తగిలించడం వల్ల, ‘చేత’, ‘కూడా’, ‘యొక్క’ ఊరికే దూర్చడం వల్ల వచ్చిన బరువు అది. నాకు ఇంకా కష్టంగా తోచేది వేరే ఉంది: ‘నిధులు ఆపేయడం జరిగింది’ అంటే ఎవరు ఆపారో తెలియదు. ‘కోశాధికారి నిధులు ఆపేశారు’ అని రాయి. అక్కడ మాటలు పెద్దగా తగ్గవు, కానీ మనిషి కనిపిస్తాడు.

పొట్టిగా ఉన్నదల్లా క్లుప్తం కాదమ్మా. ‘మాత్ర రెండు పూటలా వేసుకోవాలి’ చిన్న వాక్యమే. ఏ రెండు పూటలు? తిన్నాకా, తినకముందా? ఎన్ని రోజులు? ‘ఉదయం, రాత్రి తిన్నాక ఒక్కో మాత్ర, 5 రోజులు’ అంటే మళ్లీ అడగాల్సిన పని ఉండదు. ఎవరు, ఎప్పుడు, ఎంత అన్నవాటి జోలికి కత్తెర వెళ్లకూడదు.

నామవాచకాలను గుదిగుచ్చడమూ అంతే. ‘సమస్యల పరిష్కార కమిటీ నివేదిక అమలు ఆలస్యం’ అని శీర్షిక పెడితే చోటు కలిసొస్తుంది గానీ చదివేవాళ్లు ఆ ముడి విప్పుకోవాలి. ‘కమిటీ నివేదిక ఇచ్చింది, అమలే ఆలస్యమవుతోంది’ అను. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది కాబట్టి, ‘వచ్చిన’, ‘చెప్పిన’, ‘రాసిన’ లాంటివి మూడు వరసగా పడితే అంతవరకూ అన్నీ గుర్తుపెట్టుకోవాలి. రెండు వాక్యాలు చెయ్యి. ఒకటి రెండు మాటలు పెరిగినా ఫరవాలేదు.

ఎవరినైనా ఓదారుస్తూ రాసేటప్పుడు మాత్రం ఇవేవీ పట్టించుకోకు. అక్కడ ఒకే మాట రెండుసార్లు చెప్పినా వృథా కాదు.

దిద్దాక ఒక రాత్రి పక్కన పెట్టి, పొద్దున పైకి చదువు. ఊపిరి అందని చోట గీత గీసి, ఆ వాక్యాలు నాకు పంపు.

ప్రేమతో,
నాన్న