తెలుగు రానివారికి వేరే ధరా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం సాయంత్రం పాలకొల్లులో ఒక మందుల దుకాణం దగ్గర చూసిన సంగతి నా మనసును ఇంకా వదలడం లేదు. రొయ్యల ప్లాంటులో పనిచేసే ఒడియా కుర్రవాడొకడు నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, "జ్వర, జ్వర" అంటూ నిలబడి ఉన్నాడు. అతని వెనుక వచ్చిన నలుగురికి మందులిచ్చి పంపిన తరువాత, యజమాని అతనివైపు తిరిగి, "తెలుగులో అడుగు, అప్పుడిస్తాను" అన్నారు. ఒడియాలోనూ జ్వరాన్ని జ్వర అనే అంటారు; ఆ మాట అర్థం కాకపోవడానికి కారణం భాష కాదు. చివరకు మాత్రల అట్ట చేతికిచ్చి, దానిమీద ముద్రించిన ధరకన్నా పది రూపాయలు ఎక్కువ తీసుకున్నారు. అడిగితే, "వీళ్లతో ఇంతేనండి మాస్టారూ" అని జవాబు. ముందుగా మందులు తీసుకున్న ఆ నలుగురిలో నేనూ ఒకడిని కావడం నన్ను మరింత బాధిస్తోంది.

రెండో పంటైన దాళ్వా వరి నాట్లకు వచ్చే బెంగాలీలైనా, మిల్లుల్లో బస్తాలు మోసే బిహారీలైనా, చెరువుల దగ్గర పనిచేసే ఒడియావారైనా మనకందరూ "హిందీవాళ్లే". వీరిలో చాలామందికి హిందీ మాతృభాష కాదు, పొట్టకూటి కోసం నేర్చుకున్న భాష. టిఫిన్ హోటల్లోనూ కిరాణా కొట్లోనూ ఇదే తీరు. పేరు పెట్టి పిలవరు, వరుసలో నిలబెట్టరు, చిల్లర సరిగా ఇవ్వరు.

మన తాతల కాలంలో ఈ గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది కాకినాడ, కోరంగి రేవుల్లో ఓడలెక్కి "రంగం", అంటే బర్మాలోని రంగూన్, వెళ్లారు. ఏ ఊరివారైనా సరే, తెలుగువారందరినీ అక్కడ "కోరంగీలు" అనే పిలిచారు. ఆ మాటలో ఎంత చులకన ఉండేదో మా తాతగారు చెప్పగా విన్నాను. 1930 మే నెలలో రంగూన్ రేవులో పని విషయమై మొదలైన అల్లర్లలో మన తెలుగు కూలీలు ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈనాటికీ కోనసీమ ఆడపడుచులు కువైట్ వెళ్లి, అరబ్బీ ముక్క రాకుండానే పరాయి ఇళ్లలో పని మొదలుపెడుతున్నారు. అక్కడి దుకాణంలో వారిని ఇలా నిలబెడితే మనం ఊరుకుంటామా?

తెలుగు నేర్చుకోమని చెప్పడంలో తప్పులేదు, నేర్పినవాడిగా నేనూ అదే చెబుతాను. అయితే భాష రాకపోవడం ఎక్కువ ధర గుంజడానికి అనుమతి కాదు. ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరకు మించి వసూలు చేయడం నేరం. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు పలు భారతీయ భాషల్లో ఫిర్యాదు చేయవచ్చన్న సంగతిని ప్లాంట్ల యాజమాన్యాలు, మేస్త్రీలు కార్మికులకు చెప్పాలి. మన పట్టణాల వర్తక సంఘాలు ప్రతి హోటల్లోనూ ధరల పట్టికను పెద్ద అంకెలతో పెట్టించాలి. అంకెలు చదవడానికి ఏ భాషా అడ్డు రాదు.

ఈ కార్మికులకు ఆదివారం సాయంత్రం ఒక గంట తెలుగు చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. బడిలో ఒక గది ఇప్పించగలవారు ముందుకు రావాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పాలకొల్లు.