తెల్ల పేజీ చూపిస్తే ఎవరికి అర్థమవుతుంది?

సంపాదకుల వారికి,

పాత బ్రౌజర్లలో ఇక స్కాలర్‌షిప్ సైటు తెరుచుకోదని, అందరూ అప్‌డేట్ చేసుకోవాలని గత వారం మీ జిల్లా పేజీలో వచ్చింది. చదివిన రోజే రాద్దామనుకున్నాను. ఫీజుల గడువు కావడంతో షాపులో ఊపిరి సలపలేదు. మండల కేంద్రంలో పదిహేనేళ్లుగా జిరాక్స్, నెట్ సెంటర్ నడుపుతున్నవాణ్ని.

అప్‌డేట్ చేసుకోమనడం తేలికే. ఆండ్రాయిడ్ 7 ఫోన్‌లో క్రోమ్ బ్రౌజర్ 119వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. ప్లే స్టోర్‌లో ఎన్నిసార్లు నొక్కినా ఆపైది రాదు. విండోస్ 7 సిస్టమ్‌లో 109తో సరి. అంటే కొత్త ఫోను, కొత్త సిస్టమ్ కొనుక్కోమనే కదా? ఆ మాట నోరు తెరిచి చెప్పరేం?

మొన్న స్కాలర్‌షిప్ చివరి రోజు రాత్రి ఎనిమిదింటికి ఓ డిగ్రీ అమ్మాయి పరుగున వచ్చింది. వాళ్లన్న వాడి ఇచ్చిన ఫోను, అద్దం ఓ మూల పగిలి ఉంది. ఫారమంతా నింపింది, సర్టిఫికెట్లు ఎక్కించింది, తీరా సబ్మిట్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. తప్పు తనదేనేమోనని నాలుగుసార్లు మొదటి నుంచి నింపిందట. నా పాత సిస్టమ్‌లో పెడితే పేజీ మొత్తం తెల్లగా వచ్చింది. పక్క మెడికల్ షాపు కుర్రాడి కొత్త ఫోను అడిగి తీసుకుని, పదకొండున్నరకు పూర్తి చేశాం. ‘ఈ బ్రౌజర్‌లో పని చేయదు’ అని ఆ పేజీ మీద తెలుగులో ఒక్క ముక్క ఉంటే ఆ పిల్ల మధ్యాహ్నమే వచ్చేది.

అసలు ఆ పాత సిస్టమ్ నా దగ్గర ఎందుకుందో కూడా చెప్పాలి. కాంట్రాక్టర్లు టెండర్లు వేయడానికి డిజిటల్ సిగ్నేచర్ పట్టుకుని వచ్చేవారు. ఆ టెండర్ల సైటుకు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే పాత బ్రౌజరే కావాలి, అందులో జావా ప్లగిన్ అనే అదనపు సాఫ్ట్‌వేర్ వేయాలి. 2015లోనే క్రోమ్ ఆ ప్లగిన్‌ను వదిలేసినా ఆ సైటు వాళ్లు వదల్లేదు. ఆ ఒక్క పని కోసం ఏళ్ల తరబడి ఆ డబ్బాను మూలన కాపాడుకొచ్చాను. ఆ ఎక్స్‌ప్లోరర్‌ను మైక్రోసాఫ్టే 2022 జూన్‌లో ఆపేసింది. పాతదే ఉంచమని అన్నేళ్లు మా మెడ మీద కూర్చుని, ఇప్పుడు పాతదెందుకు వాడుతున్నారని అడగడం ఏం న్యాయం?

పాతవన్నీ ఎప్పటికీ నడపాలని నేననను. సైటుకూ బ్రౌజర్‌కూ మధ్య నడిచే సమాచారానికి వేసే టీఎల్ఎస్ 1.0, 1.1 అనే పాత తాళాలను బ్రౌజర్ల వాళ్లే 2020లో తీసిపారేశారు. డబ్బు కదిలే సైటు ఇంకా వాటినే నమ్ముకుంటానంటే నేనే ఒప్పుకోను. కానీ పేరు, తండ్రి పేరు, మార్కులు నింపే ఫారానికి కూడా నిన్నగాక మొన్న వచ్చిన బ్రౌజరే కావాలా? 2001 నాటి ఎక్స్‌ప్లోరర్ 6ను ఆపడానికి యూట్యూబ్ 2009లోనే పేజీ పైన హెచ్చరిక పెట్టి, 2010 మార్చిలో ఆపింది. వీడియోలు చూసే సైటుకే ఆపాటి మర్యాద ఉంది. ఎంతమంది ఏ బ్రౌజర్‌తో వస్తున్నారో సైటు సర్వర్‌లో నమోదయ్యే లాగ్‌లోనే ఉంటుంది. అది చూసి, ఆరు నెలల ముందే తేదీ చెప్పి ఆపమనండి.

ఎవరికి పట్టింది? సైటు కట్టినవాళ్లు బిల్లు తీసుకుని వెళ్లిపోతారు. హెల్ప్‌లైన్ మోగుతూనే ఉంటుంది, ఎత్తే నాథుడు లేడు. తిట్లన్నీ నాకే. ఇదివరకు ఆఫీసు గోడకు నోటీసు అంటించేవారు, ఏ కాగితాలు తేవాలో, ఏ తేదీలోగా ఇవ్వాలో అందులో ఉండేది. ఇప్పుడు గోడా లేదు, నోటీసూ లేదు.

ఈ నెలాఖరుకు మరో గడువుంది. ఆలోగా ఆ పేజీ పైన, ఏ బ్రౌజర్‌లో పని చేయదో రెండు వాక్యాలు, తెలుగులో, పెద్దక్షరాలతో పెట్టించమని మీ పత్రిక ద్వారా అధికారులను అడుగుతున్నాను.

– ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు, బోధన్